కొనే ఆయన వయసెంత?

మే నెల వచ్చిందంటే మా ఆఫీసు ముందునుంచి తునికాకు లారీలు పోతుంటాయి. మొన్న ఒక లారీ టైరు పంక్చరై సరిగ్గా మా మెట్ల ముందే ఆగింది. బస్తాలమీద కప్పిన టార్పాలిన్ ఒక పక్క ఊడిపోయి, ఎండిన ఆకు వాసన గదిలోకి కొట్టింది. కొంచెం వగరు, కొంచెం పొగ, ఎండకు కాగిన ఇసుక. ఖమ్మంలో పదేళ్ళుగా ఈ గదిలో కూర్చుని జనానికి పొదుపు గురించి సలహాలు చెబుతున్నాను. ఆ వాసన వచ్చేసరికి చేతిలో పని ఆగిపోయింది. గోడమీద టీవీలో కోటు వేసుకున్న కుర్రాడొకడు మార్కెట్టు కొత్త ఎత్తుకు చేరిందని, ఇంకా కొననివాళ్ళు వెనకబడిపోతారని అరుస్తున్నాడు. నా ఎదురుగా కూర్చున్న రిటైర్డ్ టీచరమ్మ కళ్ళార్పకుండా అతన్నే చూస్తోంది. నాకు ఒళ్ళు మండింది. లేచి టీవీ కట్టేశాను. ఆమె కొంచెం నొచ్చుకుంది. "మీకిప్పుడు వయసెంత మేడం?" అని అడిగాను. నేను ఎవరినైనా మొదట అడిగేది అదే. ఆ ప్రశ్న నాది కాదు, కన్నయ్య మామది.

కన్నయ్య మామ నాకు చుట్టం కాదు. చర్ల అవతల మా ఊరికీ ఆయన గూడేనికీ మధ్య ఒక వాగు ఉంది. ఇటు మాకు నాలుగెకరాల సేద్యం, అటు వాళ్ళకు పోడు, ఇప్పపువ్వు, ఎండాకాలంలో తునికాకు. వాగుకు ఇవతలివాళ్ళు అవతలివాళ్ళను మామా, అత్తా అని పిలవడం మా తాతలనాటి నుంచీ ఉన్నదే. పొట్టి మనిషి, మోకాళ్ళదాకా పంచె, భుజాన తువ్వాల. కోయభాషలో ఏదో హాస్యమాడి, మాకోసం మళ్ళీ దాన్ని తెలుగులో చెప్పేవాడు. తెలుగులోకి వచ్చేసరికి అది చప్పబడిపోయేది, దానికి మళ్ళీ ఆయనే నవ్వేవాడు. ఇరవై ఏళ్ళపాటు ఆయన మా వైపు కల్లానికి కల్లేదారు. ఆడవాళ్ళు తెల్లారకముందే అడవికి పోయి ఆకు కోసుకొచ్చి, యాభై ఆకులకొక కట్ట చొప్పున కట్టి తెస్తారు. ఆ కట్టలు తీసుకుని ఇసుకమీద వరసగా పరిచి ఎండబెట్టే చోటు కల్లం. దానికి పెద్ద కల్లేదారు. డిగ్రీ అయిపోయి ఏ ఉద్యోగమూ దొరకని రెండు ఎండాకాలాలు నేను ఆయన దగ్గర కట్టలు చూసి తీసుకునే పనిచేశాను. నా మొదటి బాసు ఆయనే.

ఆ వ్యాపారంలో ఒక వింత ఉంది. ఆకు పుట్టకముందే దానికి ధర పుడుతుంది. వేలంపాట ముందే అయిపోతుంది. ఏ అడవి ముక్కలో ఎంత ఆకు వస్తుందో అంచనా వేసుకుని కాంట్రాక్టర్లు పాడతారు. పాట పైకి పోయినకొద్దీ ఊళ్ళలో సంబరం, ఎందుకంటే అందులో కొంత బోనస్‌గా కోసినవాళ్ళకు తిరిగి వస్తుందని ఆశ. అందరూ పాట ఎంతకు పోయిందని అడుగుతుంటే కన్నయ్య మామ అడవికి పోయేవాడు. ఎండలు ముదరకముందే తునికి పొదల కొమ్మలు కొడతారు. కొడితేనే నలభై అయిదు రోజులకు లేత ఆకు దిగుతుంది. కొట్టని పొదకు వచ్చేది ముదురాకు, అది బీడీకి పనికిరాదు. ఎన్ని చోట్ల కొమ్మ కొట్టారో, ఎక్కడ నిప్పంటుకుందో, నిరుడు ఆ జాగాలో ఎన్ని బస్తాలు అయ్యాయో రెండు రోజులు తిరిగి చూసుకుని వచ్చి, వాగు ఒడ్డున కూర్చుని ఒక్క మాట చెప్పేవాడు. పాట మీదికుంది అనేవాడు, లేదంటే కిందికుంది అనేవాడు. ఇన్నేళ్ళలో తన మాట తప్పింది రెండుసార్లేనని, ఆ రెండుసార్లూ వడగళ్ళ వాన పడిందని చెప్పుకునేవాడు.

నా రెండో ఎండాకాలానికి మా అడవికి మునుపెన్నడూ వినని పాట వచ్చింది. కొత్త కాంట్రాక్టరు తెల్ల బండిలో దిగి ఊరంతా మిఠాయి పంచాడు. నేను ఒక పొట్లం పట్టుకుని వాగు దాటి మామ దగ్గరికి పరిగెత్తాను. మన అదృష్టం పండిందన్నాను. ఆయన మిఠాయి నోట్లో వేసుకుని, తీరుబడిగా నమిలి మింగి, అప్పుడు నోరు విప్పాడు.

"పాట పెద్దగ పాడిండని సంబురపడుతున్నవ్ అల్లుడా. ఆకు ఏడున్నదో చూసినవా?"

నేను చూడలేదు. మర్నాడు పొద్దున్నే వెంటబెట్టుకుని పోయాడు. కొమ్మ కొట్టింది సగం చోట్లే. ఒక పక్కంతా నిప్పుకు కాలి నల్లగా ఉంది. ఆ పొదలు అంత ధరకు సరిపోయే ఆకు ఇవ్వలేవని నాలాంటివాడికి కూడా అర్థమైంది. మరి అంతకు ఎందుకు పాడాడని అడిగాను. పక్క అడవి ఎక్కువకు పోయిందని ఇతను ఎక్కువ పాడాడు, ఇతను పాడాడని ఇంకొకడు పాడతాడు, వాళ్ళలో పొద ముఖం చూసినవాడు ఒక్కడూ లేడు అన్నాడు మామ. అయితే పాపం నష్టపోతాడు కదా అన్నాను జాలిగా. "ఆయనెందుకు నష్టపోతడు? నష్టం నడుచుకుంట మన కల్లం కాడికే వస్తది, చూస్తుండు" అన్నాడు.

నిజంగానే వచ్చింది. కోత మొదలైన నాలుగో రోజున కాంట్రాక్టరు మనిషి కల్లానికి వచ్చి, నూటికి ఇరవై కట్టలు పక్కన పడేయమని నాకు చెప్పాడు. మచ్చ అను, చిల్లు అను, ముదురు అను, నీ ఇష్టం అన్నాడు. పడేసిన కట్టలకు కూలి లేదు. అలాగని వాటిని ఆడవాళ్ళకు తిరిగి ఇవ్వరు, అవి కూడా ఎండి బస్తాల్లోకే పోతాయి. ఇది పచ్చి దొంగతనం. ఇవాళ ఆ మాట ధైర్యంగా రాస్తున్నాను కానీ ఆనాడు నేను చెప్పినట్టే పడేశాను. ఉద్యోగమంటే ఇలాగే ఉంటుందనుకున్నాను. మామ గూడెంలోని రాములమ్మ అత్త నెత్తిన మూటతో గుట్ట దిగి వచ్చింది. నేను ఆమె కట్టలు ఒక్కొక్కటే పక్కకు విసురుతుంటే చెంగుతో ముఖం తుడుచుకుంది. వెనకనుంచి కన్నయ్య మామ వచ్చి నేను విసిరిన కట్ట ఒకటి తీశాడు. నార విప్పి, ఒక్కొక్క ఆకునూ ఎండకు పట్టి చూసి నా చేతిలో పెట్టాడు. యాభై ఆకులు. ఒక్కదానికీ మచ్చ లేదు, చిల్లు లేదు.

"దీంట్ల తప్పేంది? చెప్పు."

నేను తల వంచుకున్నాను. కాంట్రాక్టరు మనిషి ఏదో అనబోయాడు. మామ అతనివైపు తిరిగి, గొంతు కూడా పెంచకుండా అన్నాడు: "మీ సేటు ఎక్కువ పాడితే ఈమె కూలెందుకు కొయ్యాలె?"

పడేసినవన్నీ నాచేతనే తిరిగి వరసలో పెట్టించాడు. ఆ ఏడు మా కల్లంలో మంచి కట్ట ఒక్కటీ పక్కకు పోలేదు. చుట్టుపక్కల కల్లాల్లో మాత్రం రోజూ పోయాయి, అడిగే దిక్కు లేదు. మరుసటి ఏడు మామను కల్లేదారు పనిలోంచి తీసేశారు. చూపు తగ్గిందని కారణం చెప్పారు. ఆ అడవిలో అందరికన్నా ముందు చూసినవాడికి చూపు తగ్గిందట! ఇన్నేళ్ళయినా ఆ మాట గుర్తొస్తే నాకు నిలువునా మంట పుడుతుంది. ఆయన మాత్రం ఏ గోలా చేయలేదు, నాలుగు మేకలు కొనుక్కుని కాసుకున్నాడు.

ఇంత కళ్ళారా చూసినవాణ్ణి నేను బుద్ధిగా బతకాలి కదా. బతకలేదు. కొత్తగూడెంలో ఒక షేర్ల కంపెనీ బ్రాంచిలో ఉద్యోగం దొరికింది. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, ఏసీ గది. బొగ్గుబావుల్లో పనిచేసి రిటైరయ్యేవాళ్ళు మా కస్టమర్లు. ముప్పై, ముప్పై అయిదేళ్ళు భూమి కింద పనిచేసిన మనిషికి చివర్లో ఒక్కసారిగా డబ్బు చేతికొస్తుంది, అదే సమయానికి కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాల్సి వస్తుంది. ఆ డబ్బుతోనే ఇల్లు చూసుకోవాలి. అప్పటికి రెండేళ్ళుగా మార్కెట్టు ఎక్కుతూ ఉంది. రేటు ఎక్కువుందనే మాట కస్టమరు ముందు నోటివెంట రాకూడదని మా మేనేజరు మొదటిరోజే చెప్పాడు. పెరిగితే పెరుగుతోంది కాబట్టి కొనమనాలి, తగ్గితే తగ్గింది కాబట్టి కొనమనాలి. ఈ తెలివిని మేము ట్రైనింగు అనుకుని నోటుబుక్కుల్లో రాసుకున్నాం.

యాదగిరి అని ఒకాయన వచ్చేవాడు. నెమ్మదస్తుడు, కుర్చీ చివర కూర్చునేవాడు. రెండు గదుల ఇల్లొకటి బేరం కుదుర్చుకున్నాడు. ఇల్లు తర్వాత కొనుక్కోవచ్చు, ఒక ఏడాది ఇక్కడ పెడితే ఇంకో గది కలిసి వస్తుందని మేనేజరు ఆయనకు ఆశపెట్టాడు. పక్కనున్న నేను తల ఊపాను. ఆయన సంతకానికి వచ్చిన రోజే కన్నయ్య మామ మోకాళ్ళ నొప్పికి దవాఖానకు వచ్చి, నన్ను చూసిపోదామని మా ఆఫీసుకు వచ్చాడు. యాదగిరి పక్క కుర్చీలో కూర్చోబెట్టి టీ తెప్పించాను. మామ కంప్యూటరులో కదిలే అంకెల్ని కాసేపు చూసి, ఇది ఏంది అని అడిగాడు. కాస్త గొప్పగానే చెప్పాను. ఇది ఫలానా కంపెనీ, దాని షేరు ఎనిమిది వందలు, యాదగిరిగారు కొంటున్నది ఇదే అన్నాను. ఒక్క షేరు మీద కంపెనీకి ఏడాదికి ఎంత మిగులుతుందని అడిగాడు. పది రూపాయలన్నాను. ఆయన వేళ్ళమీద కోయభాషలో ఏదో లెక్కపెట్టుకున్నాడు.

"అంటే పెట్టిన పైస తిరిగి రావాలంటే ఎనభై ఏండ్లు ఆకు కొయ్యాలె."

సంపాదన ఏటేటా పెరుగుతుంది మామా అన్నాను. పెరుగుతుందని ఎవరు పోయి చూసొచ్చారని అడిగాడు. ఆ కంపెనీ ఏ ఊళ్ళో ఉందో కూడా నాకు తెలియదు. ఆయన టీ గ్లాసు కింద పెట్టి అడిగాడు: "మరి కొనే ఆయన వయసెంత?"

అరవై నిండాయని యాదగిరే చెప్పాడు. మొదట మేనేజరు నవ్వాడు, ఆ వెంటనే నేను నవ్వాను, మేనేజరు కన్నా గట్టిగా. "అది ఆకు లెక్క మామా, ఇది మార్కెట్టు" అన్నాను. మామ తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. యాదగిరి ఒకసారి ఆయన్ను చూసి, ఒకసారి నన్ను చూసి, తానూ కొంచెం నవ్వి సంతకం పెట్టాడు.

మామ లెక్కే సర్వస్వమని ఇప్పటికీ నేను అనను. సంపాదన నిజంగా పెరిగే కంపెనీలు ఉంటాయి, వాటికి నాలుగు రూపాయలు ఎక్కువ ఇవ్వడం తప్పు కాదు. కానీ ఎన్ని రెట్లు ఇస్తున్నామో తెలిసి ఇవ్వాలి. ఒక్క కంపెనీనే కాదు, మొత్తం మార్కెట్టును కూడా అలాగే చూడవచ్చు. కంపెనీలన్నీ కలిపి సంపాదించే ఒక్కో రూపాయికి ఇవాళ ఎంత ఇస్తున్నాం, గడిచిన ఏళ్ళలో మామూలుగా ఎంత ఇస్తూ వచ్చాం, అదే డబ్బు బ్యాంకులో ఉంటే ఎంత వడ్డీ వస్తుంది. ఇవి చూస్తే రేపు పెరుగుతుందా, పడుతుందా అన్నది తెలియదు. మనం నేలకు ఎంత ఎత్తున నిలబడ్డామో తెలుస్తుంది, పడితే ఎంత దెబ్బ తగులుతుందో తెలుస్తుంది. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. బడికి పోని మనిషి టీ తాగుతూ లెక్క తేల్చాడు. మాకు అంతకన్నా బాగా తెలుసు, అయినా చెప్పలేదు. చెబితే సంతకం పడదు, సంతకం పడకపోతే కమీషను రాదు. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అన్నది మా బ్రాంచిలో రోజూ జరిగే పనే.

తర్వాత మార్కెట్టు పడింది. కొన్ని నెలల్లోనే యాదగిరి డబ్బు సగం కన్నా తక్కువైంది. బేరం కుదిరిన ఇల్లు ఇంకెవరికో పోయింది, క్వార్టరు ఖాళీ చేయమని కాగితం వచ్చింది. ఆయన రోజూ వచ్చి కుర్చీ చివర కూర్చుని తెరవైపు చూసి వెళ్ళేవాడు. ఆ రోజుల్లోనే ఒక ఆదివారం నేను ఊరికి పోయాను. కొమ్మ కొట్టే కాలం. మామ మేకల్ని తోలుకుంటూ నన్ను పొదల మధ్యకు తీసుకుపోయాడు. ఆకు ఒక్కటీ లేకుండా మోడులు. మార్కెట్టులో అందరూ భయపడి అమ్ముకుంటున్నారని చెప్పాను. ఇప్పుడు ఆ ఎనభై ఏళ్ళ లెక్క ఎంతకొచ్చిందని అడిగాడు. ఆ షేరు ముప్పై అయిదేళ్ళకు వచ్చిందని, మొత్తం మార్కెట్టు చూస్తే పదీ పన్నెండేళ్ళకే వచ్చిందని చెప్పాను. ఇంత తక్కువ నేనెప్పుడూ చూడలేదన్నాను. ఆయన ఒక మోడును చేత్తో పట్టుకున్నాడు.

"తెల్వనోళ్ళకు ఇది సచ్చినట్టే కనబడతది. ఇప్పుడు నరికి పొయ్యిల పెట్టుకుంటరా ఎవరన్న?"

ఆ మాట మనసులో పెట్టుకునే సోమవారం ఆఫీసుకు వచ్చాను. యాదగిరికి చెప్పాలనుకున్నాను. మీరు కొన్న షేరు ఇంకా ఎక్కువ ధరలోనే ఉంది, దాన్ని అమ్మేయండి, కానీ మార్కెట్టులోంచి మాత్రం ఇప్పుడు పోవద్దు, నాలుగు మంచి కంపెనీల్లోకి మార్చుకుని కిరాయి ఇంట్లో రెండేళ్ళు ఓపిక పట్టండి అని. నేను వెళ్ళేసరికి ఆయన మేనేజరు ముందు కూర్చుని ఉన్నాడు. ఇంకా పడుతుంది, ఉన్నదైనా దక్కించుకోండి, ఇదిగో ఈ బీమా పథకంలో పెట్టండి అని మేనేజరు చెబుతున్నాడు. ఆ పథకానికి కమీషను ఎక్కువ. నాకు మాట నోటిదాకా వచ్చింది. మేనేజరు నావైపు ఒక్క చూపు చూశాడు. రాములమ్మ అత్త ముందు తల వంచుకున్నట్టే మళ్ళీ వంచుకున్నాను. ఈసారి పక్కన కన్నయ్య మామ లేడు.

ఏడాదిన్నర తిరక్కుండానే మార్కెట్టు పోయినదంతా తిరిగి తెచ్చుకుంది. యాదగిరికి ఏమీ తిరిగి రాలేదు. ఆయనకు జరిగిన నష్టానికి మా బ్రాంచిలో బాధ్యులెవరని అడిగినవాడు లేడు. మేనేజరుకు ప్రమోషను వచ్చి హైదరాబాదు పోయాడు. సన్మానం చేసి శాలువా కప్పాం, ఫొటోలో నేనూ ఉన్నాను. ఇదంతా మామకు చెప్పి నెత్తిమీది బరువు దించుకుందామనుకున్నాను. ఆయన మంచంమీద పడుకుని అంతా విన్నాడు. "మీదికున్నప్పుడు కొనిపిచ్చిన్రు, కిందికున్నప్పుడు అమ్మిపిచ్చిన్రు. రెండుసార్లు మీకు కూలి ముట్టింది. ఆయనకేం ముట్టింది?" అని అటు తిరిగి పడుకున్నాడు. ఆయన నాతో అంత కఠినంగా మాట్లాడింది అదొక్కసారే. ఆ నెలలోనే ఉద్యోగం మానేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది, గొప్పగా చెప్పుకోవాల్సిందేమీ కాదు.

ఖమ్మం వచ్చేముందు యాదగిరి ఇల్లు వెతుక్కుంటూ పోయాను. ఒక్క గది కిరాయికి తీసుకుని ఉన్నారు. మంచం కింద సామాను, గోడకు క్వార్టరులోంచి తెచ్చుకున్న గడియారం. తిట్లు తినడానికి సిద్ధపడి పోయిన నాకు ఆయన భార్య టీ ఇచ్చింది. మేనేజరు మిమ్మల్ని మోసం చేశాడు, నేను చూస్తూ ఊరుకున్నాను, క్షమించమన్నాను. ఆయన మంచం చివర సర్దుకుని కూర్చున్నాడు.

"మేనేజరును నేనెన్నడు నమ్మలే సార్. సరుకు అమ్మేటోడు నవ్వుతడు, అది ఆయన పని. ఆ పెద్దమనిషి నా వయసడిగిండు చూడు, అప్పుడు గుండెల దడ పుట్టింది. సంతకం పెట్టొద్దనుకున్న. నీ మొకం చూసిన. ముసలాయన మనిషివి నువ్వు. నువ్వే నవ్వినవ్. నువ్వే నవ్వినంక, ముసలాయనకు తెల్వదేమో అనుకున్న."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే నాకు సులువయ్యేది. అప్పటిదాకా కాంట్రాక్టరును, మేనేజరును, మార్కెట్టును తిట్టుకుంటూ వచ్చాను. ఇప్పటికీ తిడతాను, వాళ్ళు తిట్లకు అర్హులే. కానీ ఆ రోజు ఆ ఇంటి గడప దిగిన దగ్గర్నుంచి వరసలో మొదట నేనే ఉన్నాను. మామ పోయి రెండేళ్ళయింది. ఆయన ప్రశ్న నా దగ్గర ఉంది, దాని పక్కనే నా నవ్వు కూడా ఉంది. రెండింటిలో ఒకటి ఉంచుకుని ఒకటి పారేయడం నాకు చేతకాలేదు.

మొన్న లారీ టైరు మార్చుకుని వెళ్ళిపోయింది. వాసన మాత్రం గదిలో ఇంకా ఉంది. టీచరమ్మ ఆగిపోయిన టీవీ వైపు ఒకసారి చూసి, వయసుతో ఏం పని సార్ అన్నట్టు సిగ్గుపడుతూ నవ్వి, "అరవై ఒకటి" అంది.

నేను నవ్వలేదు. తెల్ల కాగితం ఒకటి ముందుకు లాక్కుని, ఆమె కొనాలనుకుంటున్న షేరు ధర ఒక పక్క, దాని సంపాదన ఒక పక్క రాసి, ఎన్నేళ్ళు ఆకు కొయ్యాలో ఆమెనే లెక్కపెట్టమన్నాను.